మడమల చప్పుడు

తొట్టి అడుగున ఇసుక తప్ప ఏమీ కనిపించదు. మొదటిసారి వచ్చినవాళ్లు ఖాళీ తొట్టి అనుకుంటారు. డాక్టర్ పైడితల్లి వాళ్లను స్టూలు మీద కూర్చోబెట్టి కాళ్లు కదపవద్దని చెబుతుంది. కాసేపటికి ఇసుకలో రెండు చుక్కలు తేలతాయి. అవి కళ్లు. తరువాత తల, ఆ తరువాత వేలెడు పొడవున ఒళ్లు బయటికి వస్తాయి. ఒకదాని వెనుక ఒకటిగా తొట్టిలో ఉన్నవన్నీ లేస్తాయి. అప్పుడు ఎవరైనా మడమను నేలకు తాటిస్తే, రెప్పపాటులో ఒక్కటి కూడా మిగలదు. ఇసుక మళ్లీ చదునుగా ఉంటుంది.

గెడ్డపాలెంలో ఆ చేపను ఇసుక దొందు అంటారు. వలలో పడినా ఎవరూ ఏరుకోరు. ముల్లు ఎక్కువ, కండ తక్కువ. పైడితల్లి ఆ ఊళ్లోనే పుట్టింది. విశాఖపట్నంలో చదువుకుని, గెడ్డ సముద్రంలో కలిసే చోట మెట్ట మీద కట్టిన పరిశోధన కేంద్రంలో ఉద్యోగానికి వచ్చింది. ఇల్లు మాత్రం మారలేదు. అన్న ఎల్లాజీ ఇంటికి ఆనుకున్న గదిలోనే ఉంటుంది. పొద్దున మెట్ట ఎక్కుతుంది, సాయంత్రం దిగుతుంది.

ఆమె వేసుకున్న ప్రశ్న ఒక్కటే. ఇసుకలోకి దిగిన దొందు మొప్పలు ఆడించదు. ఆడిస్తే మొప్పల్లో ఇసుక నిండుతుంది. మరి ఊపిరి తీయకుండా ఎలా బతుకుతుంది? జవాబు కోసం తల వెంట్రుక కంటే సన్నటి తీగను చేప ఒంటికి తగిలించి, దాన్ని ఇసుకలోకి పోనిచ్చింది. పైన ఉన్నప్పుడు దడదడ కొట్టుకునే గుండె, లోపలికి వెళ్లాక ఆగిపోయింది. చచ్చిందనుకుని తీగ లాగబోతుంటే ఒకసారి కొట్టుకుంది. చాలాసేపటికి మరొకసారి. ఆ రెండింటికీ మధ్య, బతికి ఉన్న చేపకూ చచ్చిన చేపకూ తేడా చెప్పగల పరికరం ఆ కేంద్రంలో లేదు.

దానికి కారణమైన పదార్థం చేప నెత్తురులో దొరికింది. కేంద్రం అధిపతి ముకుందరావు దాన్ని శుద్ధి చేయించాడు. అది ఎక్కించిన ఎలుకను నీళ్లలో ముంచారు. మామూలు ఎలుక ఎప్పుడో చనిపోయేంత సేపు ఉంచి, బయటికి తీసి, గుడ్డతో ఒత్తారు. అది లేచి గింజలు తినడం మొదలుపెట్టింది.

"నీళ్లలోంచి తీసిన మనిషికి ఇది ఇస్తే, ఆసుపత్రికి చేరేదాకా మెదడు చావదు" అన్నాడు ముకుందరావు. "మీ ఊళ్లో ఎంతమంది పోయి ఉంటారమ్మా, ఇలా?"

పైడితల్లి తండ్రి అలాగే పోయాడు.

మందు తీసుకున్న ఎలుకలు బోనులో పరిచిన రంపపు పొట్టును తెగ తవ్వుతున్నాయని, రోజూ బోను శుభ్రం చేసే అమ్మాయి ఒకసారి చెప్పింది. ఎలుకలు తవ్వక ఏం చేస్తాయని అందరూ నవ్వారు. పైడితల్లి కూడా నవ్వింది.

*

కార్తీకం వెళ్లాక ఒక ఉదయం, గెడ్డ సముద్రంలో కలిసే మొగలో, పోటు వేళ, అల ఒకటి ఎల్లాజీ పడవను తిరగేసింది. మిగిలినవాళ్లు ఈది బయటపడ్డారు. ఎల్లాజీ కాలికి వల చుట్టుకుంది. వాళ్లు మళ్లీ దూకి, వల కోసి, అతన్ని ఒడ్డుకు లాగేసరికి ఒళ్లు నీలం పట్టింది. ఎవరో మెట్ట పైకి పరుగెత్తారు.

పైడితల్లి ఐసు పెట్టెతో దిగింది. మనుషులకు ఇవ్వడానికి ఆ మందుకు ఇంకా అనుమతి రాలేదు. దారిలో ముకుందరావుకు ఫోన్ చేసింది. ఆయన ఎత్తలేదు. రెండోసారి చేయలేదు. అన్న పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఎలుక బరువుకు ఇచ్చే మందును మనిషి బరువుకు లెక్కగట్టి, తొడలో గుచ్చింది. అంబులెన్సు వచ్చేదాకా రొమ్ము నొక్కుతూనే ఉంది.

శ్రీకాకుళం ఆసుపత్రిలో ఎల్లాజీ కళ్లు తెరిచాడు. భార్య నూకాలును గుర్తుపట్టాడు. తన వల కోసినందుకు నేస్తగాళ్లను తిట్టాడు. అక్కడి డాక్టరు కాగితాలు రెండుసార్లు తిరగేసి, అతను నీళ్లలో ఉన్న సమయం ఎవరో తప్పుగా చెప్పి ఉంటారన్నాడు.

ఇంటికి వచ్చిన తరువాత పైడితల్లి అన్నకు ఒకే ఒక ఆంక్ష పెట్టింది. పడవ ఎక్కకూడదు. సముద్రంలోకి పోకూడదు. అపాయం అంటే ఆమెకు సముద్రమే గుర్తుకొచ్చింది.

*

"మీ అన్నియ్య మంచం మీద తొంగోడం నేదే పైడీ" అంది నూకాలు, గుమ్మంలో కూర్చుని చేపలు తోముతూ. "దొడ్లో ఇసకలో పడి ఉంటన్నాడు. ఒళ్లంతా ఇసకే, ఇల్లంతా ఇసకే. తుడవనేక సస్తన్నాను."

"సావు దాకా ఎల్లొచ్చిన ఒళ్లు కదొదినా. కొన్నాల్లు ఆగు."

ఎల్లాజీ గోడకు ఆనుకుని వల అల్లుతున్నాడు. "మంచం మీదుంటే గురక అంటాది. కిందుంటే ఇసక అంటాది. దీనికి మొగుడు గాల్లో ఏలాడాలేటో."

"గురకే నయ్యిం" అంది నూకాలు. అతని నవ్వులో ఆమె కలవలేదు. కత్తి కింద పెట్టి, ఆడపడుచు వైపు జరిగి, గొంతు తగ్గించింది. "గురక నేదే ఇప్పుడు. ముక్కు కాడ సెయ్యెట్టి సూసినాను. ఊపిరి తగల్నేదు. లేపితే లెగిసినాడు. రోజూ సెయ్యెట్టి సూత్తన్నాను. రోజూ లేపతన్నాను. ఏదో పొద్దు లెగకపోతే?"

పైడితల్లి వదినకు ఏదో సర్దిచెప్పి లోపలికి పోయింది. కానీ ఆ మాట ఆమెను వదల్లేదు.

మరో రెండు రోజులకు నూకాలు రోట్లో ఎండు మిరపకాయలు పోసి రోకలి ఎత్తింది. మొదటి దెబ్బకు ఎల్లాజీ చేతిలోని గ్లాసు ఎగిరిపోయింది. పక్కింటివాళ్లు గోడ కట్టడానికి పోయించుకున్న ఇసుక గుట్టలోకి తల ముందు పెట్టి దూరాడు. రెండో దెబ్బకు నడుము దాకా పోయాడు. మూడో దెబ్బ పడలేదు. నూకాలు రోకలి వదిలేసింది. వీధిలో పిల్లలు చప్పట్లు కొట్టి నవ్వారు.

కొంతసేపటికి అతను వెనక్కి పాకి బయటికి వచ్చాడు. "కాలు జారినాది" అన్నాడు పిల్లలతో. వాళ్లు వెళ్లేదాకా ఒంటి మీద ఇసుక దులుపుకుంటూ నిలబడ్డాడు.

పైడితల్లి అతన్ని గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసింది.

"నిజం సెప్పు అన్నియ్యా."

ఎల్లాజీ అరచేతులు చూసుకున్నాడు. గోళ్ల చివర్లు అరిగి ఉన్నాయి.

"నాను సేసింది కాదే అది. ఒళ్లు సేసినాది. దెబ్బ సెవికి ఇనబడకముందే ఒళ్లు ఎలిపోయినాది. ఒకటి సెప్తాను, మీ ఒదినకి సెప్పకు. బయటున్నంతసేపూ బయ్యమే పైడీ. ఎవరు నడిసినా బయ్యమే. పిల్ల గుంటలు ఆడుకున్నా బయ్యమే. కిందకి పోతే ఏటీ ఉండదు. బయ్యం నేదు, నానూ ఉండను. అంత బాగుంటాది."

"మరి పైకి ఎలగొచ్చినావు?"

"రోకలి ఆపీసింది కదా" అన్నాడు. అదేం ప్రశ్న అన్నట్టు చూశాడు.

*

మర్నాడు పైడితల్లి ఎలుకల బోనుల్లోంచి పొట్టు తీయించి, గాజు తొట్టెల్లో లోతుగా ఇసుక పోయించింది. ఒక తొట్టిలో మామూలు ఎలుకలు, ఒక తొట్టిలో మందు తీసుకున్నవి. బల్లను పిడికిలితో కొట్టింది. మామూలు ఎలుకలు మూలలకు పరుగెత్తాయి. రెండో తొట్టిలో ఒక్క ఎలుక లేదు. మళ్లీ కొట్టింది. గాజు పక్కన ఇసుక కిందికి జారింది. ఇంకా కొట్టింది. ఇంకా కిందికి పోయాయి. చేయి తీసి స్టూలు మీద కదలకుండా కూర్చుంది. అవి ఒక్కొక్కటే పైకి వచ్చి ముఖాలు తుడుచుకున్నాయి.

అప్పుడు ఆగిపోయి ఉంటే ఆమెకు సగమే తెలిసేది. చిన్న మోటారు ఒకటి బిగించి, బల్లను ఆపకుండా తట్టేలా పెట్టింది. సాయంత్రానికి ఎలుకలన్నీ తొట్టి అడుగుకు చేరాయి. అడుగు గాజును గీకుతున్నాయి. మరుసటి ఉదయానికి గీకడం ఆగింది. మోటారు తీసి, తవ్వి బయటపెడితే కొన్ని లేచాయి. కొన్ని లేవలేదు. లేవనివాటి ముంగాళ్లకు గోళ్లు లేవు.

లేచిన ఎలుకల నెత్తురు పరీక్షించింది. తను ఎక్కించిన మందు ఎప్పుడో హరించుకుపోవాలి. అది ఎక్కించినదానికంటే ఎక్కువ ఉంది. ఒళ్లే తయారుచేసుకుంటోంది.

ముకుందరావు ఆ అంకెల మీదికి వంగి చూశాడు.

"మీ అన్నగారిని ఇక్కడికి తీసుకొచ్చేయండి. మేడ మీద గది ఉంది. ఇసుక లేదు, కింద ఎవరూ నడవరు. తరువాత ఏం చేయాలో ఆలోచిద్దాం."

"రమ్మంటే రాడు సార్."

"జబ్బని చెప్పండి."

"జబ్బే కదా" అంది పైడితల్లి. ఫోన్ మోగింది. నూకాలు.

"పైడీ, మీ అన్నియ్య కనబడ్డం నేదే. పెద్దవల లాగతన్నారు కదా, మడుసులు సాల్నేదని తాడట్టుకున్నాడు. నాను వొద్దన్నాను. సంద్రంలోకి కాదు కదే, ఒడ్డునే కదే అన్నాడు. అందరూ ఒక్కపాలి మడమేసి లాగినారు. సూస్తే తాడుంది, మడిసి కనబడ్నేదు."

పైడితల్లి అప్పటికే లేచి నిలబడింది.

"కంగారు పడకులే" అంది నూకాలు, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. "కొర్లయ్య మావ అందరినీ వరస కట్టించినాడు. తొక్కతన్నారు. దొరికీసినట్టే."

"ఆపమను" అంది పైడితల్లి. "ఒదినా, తొక్కొద్దని సెప్పు." అటునుంచి కేకలు తప్ప జవాబు రాలేదు.

*

గెడ్డపాలెంలో ఇసుకలో పోయినదాన్ని కాలితో వెతుకుతారు. లంగరు పోయినా, తాడు కొస పోయినా, పిల్ల కాలి పట్టీ పోయినా అంతే. చేతికి చెయ్యి తగిలేంత దగ్గరగా వరస కడతారు. పెద్దవాడు ఓ అని కేక వేస్తాడు. అందరూ ఒకేసారి మడమ దించుతారు. కొత్తగా కదిలిన ఇసుక మడమ కింద మెత్తగా దిగుతుంది. అక్కడ తవ్వుతారు. తుఫానులో పూడిపోయిన పడవలను కూడా ఆ ఊరివాళ్లు అలాగే కనిపెట్టారు. అది తప్పిన సందర్భం ఎవరికీ గుర్తు లేదు.

ఈసారి కూడా తప్పలేదు. పైడితల్లి మెట్ట దిగి ఒడ్డుకు వచ్చేసరికి నలభై మంది వరస కట్టి ఉన్నారు. మెత్తగా తగిలిన చోట నిలబడి, ఇంకా ఎంత లోతున ఉన్నాడో చూడడానికి తొక్కుతున్నారు. తొక్కిన ప్రతిసారీ ఇసుక కొంచెం కిందికి జారుతోంది. దగ్గర పడ్డామని వాళ్లు కేకలు వేస్తున్నారు.

ఆమె అరుపు ఆ కేకల్లో ఎవరికీ వినబడలేదు. పరుగెత్తుకెళ్లి వరస ముందు బోర్లా పడింది. ఎత్తిన కాళ్లు ఎత్తినట్టే ఆగాయి.

"లెగవే అమ్మీ" అన్నాడు కొర్లయ్య. పెద్దవలకు పెద్ద ఆయనే. "ఇక్కడే ఉన్నాడు. మెత్తగుంది."

"మావా, మీరు తొక్కేకొద్దీ కిందికి పోతన్నాడు."

"మడిసి కిందికి పోడమేటే?"

"దొందు పోదా?"

కొర్లయ్య ఆమె ముఖం చూశాడు. మెట్ట మీద ఆమె చేసే పని దొందులతోనని ఊళ్లో అందరికీ తెలుసు. ఎల్లాజీ తొడలో సూది గుచ్చింది కూడా అందరూ చూశారు. ఆయన చెయ్యి ఎత్తాడు. వరస ఆగింది.

"అయితే తవ్వండి" అంది నూకాలు. ఎక్కడో దొరికిన పార ఆమె చేతిలో ఉంది.

"పార దెబ్బకీ పోతాడు ఒదినా."

"మరేటి సేద్దాం?"

"కూకోవాల. ఎవులూ కదలకూడదు. మాటాడకూడదు."

"కూకోవాలా?" నూకాలు పార వదల్లేదు. "నీ మొగుడైతే కూకుంటావేటే? ఆడు ఊపిరి నేకుండా కిందుంటే పేరంటాలకొచ్చినట్టు కూకోమంటావా? నీ సూదే కదే ఇదంతా. సంద్రం తీసుకుపోయిందన్నా ఏడిసి ఊరుకుందును."

గాజును గీకి గీకి ఆగిపోయిన ఎలుకలు పైడితల్లికి కనిపిస్తున్నాయి. మనిషి ఎంతసేపు ఆగగలడో ఆమెకు తెలియదు. ఎవరికీ తెలియదు.

"ఒదినా, కూకో" అంది. "రోకలి ఆపినావు, వచ్చినాడు. గుర్తు నేదా?"

నూకాలు పారను ఇసుక మీద పడేయబోయి, ఆగి, పసిబిడ్డను దించినట్టు దించింది. కూర్చుంది.

కొర్లయ్య సైగ చేశాడు. నలభై మందీ ఉన్నచోటే మెల్లగా కూలబడ్డారు. తాళ్లు పట్టుకున్నవాళ్లు తాళ్లు వదిలేశారు. వల చేపలతో సహా నీళ్లలోకి జరిగిపోతుంటే చూస్తూ ఊరుకున్నారు. తల్లులు పిల్లలను ఒళ్లోకి లాక్కున్నారు. ఒకతను తన కుక్కను కాళ్ల మధ్య ఇరికించుకుని మూతి మూశాడు.

అలల చప్పుడు ఒక్కటే ఉంది. పోటు ఎక్కుతోంది. నీటి అంచు ముందు దూరంగా ఉంది. తరువాత తాళ్ల దాకా వచ్చింది. అది వాళ్లు తొక్కిన చోటును ముంచేలోగా అన్న రాకపోతే ఏం చేయాలో పైడితల్లి ఆలోచించడానికి ప్రయత్నించింది. ఆలోచన సాగలేదు. ఆమె రెండు అరచేతులూ ఇసుక మీద ఉన్నాయి. కింద ఏదైనా కదిలితే తెలుస్తుందని పెట్టింది. ఏమీ తెలియడం లేదు.

ఎవరో దగ్గబోయి గుడ్డ నోట్లో కుక్కుకున్నారు.

ముందు నూకాలు చూసింది. ఆమె చూపు మారడం గమనించి పైడితల్లి అటు తిరిగింది. తొక్కిన చోటు కాదు, దానికి ఎడంగా, నూకాలు మోకాళ్లకు చేతికందే దూరంలో ఇసుక పగిలింది. పగులులో రెండు కళ్లు ఉన్నాయి.

అవి ఎల్లాజీ కళ్లే. కానీ నూకాలును చూడడం లేదు. ఎవరినీ చూడడం లేదు. ఎవరైనా కదులుతారేమోనని మాత్రం చూస్తున్నాయి. నూకాలు చెయ్యి అటు పోబోయింది. రెండో చేత్తో ఆ చేతిని పట్టుకుని ఒళ్లో అదిమి పెట్టుకుంది. కన్నీళ్లు గడ్డం దాకా కారి అక్కడి నుంచి పడుతున్నాయి. ఆ చుక్కల చప్పుడుకైనా పోతాడేమోనని తల వెనక్కి వంచింది.

నుదురు పైకి వచ్చింది. ముక్కు వచ్చింది. ముక్కుపుటాల్లో ఇసుక నిండి ఉంది. ఊపిరి తీయడానికి అతను ప్రయత్నించడం లేదు. భుజాలు తేలుతుండగా కళ్లు మూతపడ్డాయి. అప్పుడు అల వచ్చి అందరి కాళ్ల మీదుగా పారింది. వెనక్కి పోయేటప్పుడు అతని ఒంటి మీది ఇసుకను కొంత కడుక్కుపోయింది. రొమ్ము దాకా బయటపడింది. అతను కదలలేదు.

పైడితల్లి పొట్ట మీద పాకింది. అన్న దగ్గరికి చేరి దవడ కింద వేలు పెట్టింది. చర్మం తడి ఇసుకంత చల్లగా ఉంది. నాడి లేదు.

వేలు తీయలేదు. వెనుక నుంచి నలభై మంది చూపులు వీపుకు తగులుతున్నాయి. నూకాలు పెదవులు కదుపుతోంది, శబ్దం లేకుండా. ఉన్నాడా అని. పైడితల్లి ఆ ముఖం చూడకుండా వేలినే చూసుకుంది. ఇంకో అల వచ్చి వెళ్లింది. మరొకటి.

వేలి కింద ఒక దెబ్బ తగిలింది.

తన వేలే అదిరిందేమో. తన నాడే కావచ్చు. తొందరపడలేదు. ఇంకా చాలాసేపు అలాగే ఉంది. నీళ్లు ఆమె నడుము కింది నుంచి పారుతున్నాయి. మళ్లీ తగిలింది. ఈసారి అనుమానం లేదు.

"ఉన్నాడు" అంది.

గట్టిగా అనలేదు. నూకాలుకు వినపడితే చాలనుకుంది. కానీ అంతసేపు ఎవరూ మాట్లాడని ఒడ్డు మీద ఆ మాట అందరికీ వినబడింది. మొదట లేచింది కొర్లయ్య. ఆయన వెనుక ఒడ్డంతా లేచింది. తిమ్మిరెక్కిన కాళ్లతో, ఏడుస్తూ, నవ్వుతూ, ఒకరినొకరు తోసుకుంటూ పరుగెత్తుకొచ్చారు.

పొట్ట కింద ఇసుక అదరడం పైడితల్లికి తెలిసింది. "ఆగండి" అని అరిచింది. అంతలో వేలి కింద అన్న మెడ తిరిగిపోయింది. అతని కళ్లు మూసే ఉన్నాయి. చేతులు రెండూ తడి ఇసుకను వెనక్కి తోడడం మొదలుపెట్టాయి.

నూకాలు ముందుకు పడి రెండు చేతులా అతని జుట్టు పట్టుకుంది. వదల్లేదు. ఆమె చేతులు మణికట్ల దాకా ఇసుకలోకి పోయాయి, ఆ తరువాత మోచేతుల దాకా.